రాజుల వరుసలో దొరకనివాళ్లు

ఫ్రెంచి రాజుల్లో పద్నాలుగో లూయీ 72 ఏళ్లు (1643–1715) సింహాసనంమీద ఉన్నాడు. 1668 ప్రాంతంలో అతనికి వర్తకుడు టావెర్నియే అమ్మిన నీలి వజ్రం గోల్కొండ రాజ్యంలోని కొల్లూరు గనిదని చరిత్రకారుల అభిప్రాయం. ఆ గనిలో ఆడా మగా పిల్లలూ కలిసి సుమారు 60,000 మంది పనిచేస్తుండగా చూశానని టావెర్నియేయే రాసుకున్నాడు.

బేరగాడి పుస్తకంలో ఉన్న ఈ జనం మన సాహిత్యచరిత్రల్లో ఏరీ? ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) మల్కిభరాముడైన వైనమూ, అద్దంకి గంగాధరకవి అతనికి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చిన ముచ్చటా మాత్రం ఉంటాయి. ఆ సుల్తాను తెలుగును ఆదరించాడు, కాదనం. కాని కృతిభర్తల పేర్లతో యుగాలు కొలిచే విమర్శకు గనిలో దిగినవాడు కనిపించడు. 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ గురించి రాసేవాళ్లదీ ఇదే చూపు: ఏలినవారి పేర్లుంటాయి, మట్టి మోసిన పాలమూరు కూలీ ఉండడు.