ఒక్కో వరుసా చదివే కర్సర్

డేటాబేస్ వరుసలను గుంపుగా కాక ఒక్కొక్కటిగా చేతికందించే సాధనం కర్సర్. క్వెరీతో దాన్ని డిక్లేర్ చేసి, ఓపెన్ చేసి, ఫెచ్‌తో ఒక్కో వరుసా తెచ్చుకుంటారు. వరుసలు అయిపోగానే క్లోజ్ చేస్తారు.

అయితే ప్రతి పనికీ ఇది తగదు. ఉదాహరణకు, 2016 అక్టోబర్ 11న మహబూబ్‌నగర్ నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు విడివడ్డాయి. అలాంటి వేళ పట్టికలో జిల్లా కోడ్ మార్చడానికి కర్సర్ అక్కర్లేదు. మండలాన్ని బట్టి రాసిన ఒక్క అప్‌డేట్ వాక్యం వేల వరుసలను మార్చేస్తుంది. అక్కడ కర్సర్ వాడితే వట్టి కాలయాపనే.

కర్సర్ పనితనం పహాణీ అనే భూమి రికార్డు లెక్కల దగ్గర తెలుస్తుంది. సర్వే నంబరు మొత్తం విస్తీర్ణం నుంచి ఒక్కో ఉపవిభాగాన్నీ తీసేస్తూ, ఎకరానికి 40 గుంటల చొప్పున మిగులు కట్టాలి. ఉపవిభాగాల భూమి ఏ వరుసలో మొత్తాన్ని మించిపోతే ఆ వరుస దగ్గరే ఆగి, దాన్ని వేరే పట్టికలో రాసి, తహసీల్దారు విచారణకు సిద్ధం చేయాలి. పాత పట్వారీ వేలు పెట్టి చదివిన ఓపిక ఇది. మిగులు వరకైతే ఇప్పుడు విండో ఫంక్షన్లూ లెక్కగడతాయి. వరుసకో తీరు చర్య కావాల్సినచోటే కర్సర్‌కు అసలు గౌరవం.

క్వెరీలో ఆర్డర్ బై లేకపోతే వరుసల క్రమానికి హామీ లేదు, మిగులు లెక్క తప్పుతుంది. తెరిచిన కర్సర్ మెమరీని, కొన్నిసార్లు లాక్‌లనూ పట్టుకుని ఉంటుంది. అందుకే చదవడానికే అయితే ముందుకు మాత్రమే నడిచే రకాన్ని ఎంచుకోవాలి.