నాదే తప్పు, మళ్లీ కొట్టు

మా అపార్టుమెంటులో మూడో అంతస్తు పిన్నిగారు సోమవారం లిఫ్టు దగ్గర నన్ను ఆపారు. "మీరైనా మావాడికి చెప్పండి బాబూ. పొద్దస్తమానం ఆ కంప్యూటరుకే అతుక్కుపోతున్నాడు. పాడైపోతాడు" అన్నారు. మావాడంటే ఆవిడ కూతురి కొడుకు, తొమ్మిదో తరగతి. తల్లీతండ్రీ విడిపోయి ఏడాది దాటింది. తల్లికి బెంగళూరులో ఉద్యోగం, వీడు అమ్మమ్మ దగ్గర. నాకు చిర్రెత్తుకొచ్చింది. పెద్దావిడ, పైగా రిటైర్డు టీచరు, ఎదురు చెప్పలేక తలూపి వచ్చేశాను. వాడు పాడవడం లేదు పిన్నిగారూ, ఆ కంప్యూటరును పట్టుకునే నిలదొక్కుకుంటున్నాడు అని రాద్దామని కూర్చున్నాను.

అందుకు సాక్ష్యంగా మొదట గుర్తొచ్చింది లినస్ టోర్వాల్డ్స్. ఆ పేరు ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. 1991లో, ఇరవై ఒక్క ఏళ్లప్పుడు, ఆయన మొదలుపెట్టిన లినక్స్ మీదే మన ఆండ్రాయిడ్ ఫోన్లు నడుస్తున్నాయి. ఆయన చిన్నతనం గురించి మాత్రం నేనిక్కడ ఎప్పుడూ రాయలేదు. హెల్సింకీలో అమ్మానాన్నలిద్దరూ విలేకరులు, విడిపోయారు. తండ్రి కమ్యూనిస్టు కావడంతో బళ్లో పిల్లలు ఏడిపించేవాళ్లు. చేతిలో డబ్బాడనప్పుడు తల్లి తాకట్టు పెట్టడానికి ఉన్నది ఒకటే: హెల్సింకీ టెలిఫోన్ కంపెనీలో ఒకే ఒక్క షేరు, అదీ ఇంట్లో ఫోను ఉన్నందుకు వచ్చింది. 2001లో వచ్చిన 'జస్ట్ ఫర్ ఫన్'లో ఆయనే చెప్పుకున్న సంగతి ఇది. అది చదివిన రోజు పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా అమ్మ గాజులు గుర్తొచ్చాయి.

మా నాన్న తెనాలిలో మిల్లు గుమాస్తా. 1987లో ఉద్యోగం పోయింది, తాగుడు మొదలైంది. మా ఇంట్లో ఏం జరిగినా ముందు తేలాల్సింది తప్పెవరిదన్నదే. పాలు పొంగితే ఎవరు చూడలేదు, కరెంటు బిల్లు గడువు దాటితే ఎవరు మర్చిపోయారు. గొంతులు లేచేవి, ఆ తర్వాత చేతులు లేచేవి. అమ్మ గాజులు తాకట్టు కొట్టుకి వెళ్లాయి, విడిపించాం, మళ్లీ వెళ్లాయి, చివరికి అక్కడే ఉండిపోయాయి.

నేను ఆరింటి బ్యాచ్‌కి టైపు ఇన్‌స్టిట్యూట్‌కి పారిపోయేవాణ్ణి. మా టైపు మాస్టారు కీల మీద తువ్వాలు కప్పి, చూడకుండా కొట్టమనేవారు. 1988 దసరాకి ఆయన అప్పు చేసి సెకండ్‌హ్యాండ్ కంప్యూటరొకటి కొన్నారు. మెషీన్లు నాలుగు జరిపి, చెక్కతో చిన్న గది కట్టించి, ఏసీ పెట్టి, గుమ్మం దగ్గర చెప్పులు విడవమని బోర్డు రాయించారు. చెప్పులు విప్పి ఆ చల్లటి గదిలో అడుగుపెట్టడం నాకింకా అరికాళ్లలో ఉంది. నల్ల తెర, ఆకుపచ్చ అక్షరాలు, ఫ్లాపీ పెడితేగాని లేవని మెషీను.

దాన్ని వాడటం మాస్టారికి రాదు. విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లో బేసిక్ పుస్తకం ఒకటి కొనుక్కొచ్చారు. ఆయనకు వచ్చిన పని డిక్టేషన్, కాబట్టి డిక్టేషనే చెప్పారు. "పది. స్పేస్. ఇన్‌పుట్. డబుల్ కోట్స్..." పక్క కుర్చీలో కూర్చుని, టైపు హయ్యర్ పరీక్షకు ప్యాసేజీ చదివినంత శ్రద్ధగా చదివేవారు. నేను కొట్టేవాణ్ణి. మొదటి ప్రోగ్రాం చక్రవడ్డీ లెక్క. తర్వాత ఒకరోజు అమ్మ గాజుల మీద తీసుకున్న అప్పు ఎంతయిందో అందులో వేసి చూశాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ మొదటిసారి 'రన్' కొట్టగానే తెర మీద ఒక్క ముక్క వచ్చింది: సింటాక్స్ ఎర్రర్ ఇన్ 40.

అందులో కోపం లేదు. ఎవడు చేశాడని అడగలేదు, పోయినసారి చేసిన తప్పు ఎత్తలేదు. నలభయ్యో లైనులో ఉంది, చూసుకోమంది. పదహారేళ్ల వాడికి అది ఎంత ఊరటో, అలాంటి ఇంట్లో పెరిగినవాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. యంత్రం తప్పు చూపిస్తుంది, తిట్టదు. గొడవలున్న ఇళ్ల పిల్లలు కంప్యూటరుకు అందుకే అతుక్కుంటారని నా నమ్మకం. ప్రోగ్రాం ఏదైనా సొంత చేత్తో కొట్టాలి, కాపీ చేస్తే రాదు అని ఇన్నేళ్లుగా ఇక్కడ పోరుతున్నదీ ఆ గదిలో నేర్చుకున్న దానివల్లే. పిన్నిగారికి చెబుదామనుకున్నది కూడా ఇదే.

కానీ ఇంతవరకు రాశాక కలం ముందుకు సాగలేదు. లినస్ కథలో నేను దాటేసిన భాగం ఒకటుంది. ఏళ్ల తరబడి ఆయన తోటి ప్రోగ్రామర్లకు రాసిన ఈమెయిళ్లు పేరుమోసిన తిట్లు. 2018 సెప్టెంబరులో ఆయనే బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. మనుషుల మనోభావాలు తనకు అర్థం కావడం లేదని ఒప్పుకుని, సాయం తీసుకుంటానని కొన్ని వారాలు పని పక్కన పెట్టాడు. తనను ఏనాడూ తిట్టని యంత్రం ముందు బతుకంతా కూర్చున్న మనిషి ఆయన.

నేను మాత్రం? ఉద్యోగంలో పదేళ్లు గడిచాక, జూనియర్ ఒకమ్మాయి రాసిన కోడ్‌లో తప్పు దొరికితే అందరి ముందూ అరిచాను. అది మా నాన్న గొంతు. ఆ అమ్మాయి మొహం నాకిప్పటికీ కనిపిస్తుంది. నలభయ్యో లైను చూపించిన మెషీను నాకు తప్పు వెతకడం నేర్పింది. ఎదుటివాళ్లకు దాన్ని ఎలా చెప్పాలో నేర్పలేదు.

అది నేర్పింది మాస్టారు. ఆ మొదటి 'రన్' రోజున తెర చూసి, పుస్తకం చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "సెమికోలన్‌ని కోలన్ అని చదివానురా. నాదే తప్పు. మళ్లీ కొట్టు" అన్నారు. ఒక పెద్దమనిషి నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. ఇన్నేళ్లూ ఆ ఊరటను మెషీను ఖాతాలో రాస్తూ వచ్చాను.

లినస్‌కూ పక్కన ఒక మనిషి ఉండేవారు. అమ్మ తండ్రి లియో టోర్న్‌క్విస్ట్, హెల్సింకీ విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ ప్రొఫెసరు. 1981 ప్రాంతంలో కమడోర్ విక్-20 కొన్నారు. స్విచ్చి వేస్తే 3583 బైట్లు ఖాళీ ఉన్నాయని చూపించే మెషీను. ఈ కాలమ్ కూడా అందులో పట్టదు. ఆయనకు కంప్యూటరుతో అంత చనువు లేదు. ప్రోగ్రాంలు కాగితం మీద రాసుకుని, పదకొండేళ్ల మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని కొట్టించేవారు. తాతగారు పోయాక మెషీను మనవడికి వచ్చింది, ఆ ఒడి మాత్రం లేకుండా పోయింది. తర్వాతి తిట్లకు కారణం అదేనని నేననను, మనిషి మనసు అంత తేలికైన లెక్క కాదు. మీ మనవడు అలా ఒక్కడే కూర్చుంటే మీకు కలిగిన బెంగ మాత్రం తప్పు కాదు పిన్నిగారూ. చిర్రెత్తుకొచ్చిన నాదే తప్పు.

కంప్యూటరు మాత్రం లాక్కోకండి. పక్కన ఒక కుర్చీ వేసుకోండి. ముప్ఫై ఏళ్లు బళ్లో డిక్టేషన్ చెప్పినవారు, వాడు కొట్టాల్సింది మీరు చదివి పెట్టండి. ఎక్కడైనా తప్పు చదివితే తప్పు చదివానని వాడితో అనండి. కంప్యూటరు రాదని వెనకాడొద్దు. మా మాస్టారికీ రాదు.