ఇంటిదొంగ స్టైరీన్

మా బావమరిదికి ఒక ఆర్‌ఎక్స్ 100 ఉంది. యమహా వాళ్లు 1996లోనే ఆపేసిన బండి. మొన్న దాని ఎడమ సైడ్ ప్యానెల్ విప్పి, పాత తువ్వాల్లో చుట్టుకొచ్చాడు. "బావా, దీనికి ఫైబర్‌లో ఒక నకలు తీసిపెట్టు. రంగు మాత్రం చెడకూడదు" అన్నాడు. సరే అనేశాను గానీ, తువ్వాలు విప్పుతుంటే పదేళ్ల కిందటి స్కూటర్ మడ్‌గార్డ్ ఒకటి గుర్తొచ్చింది.

అది ఓ స్నేహితుడిది. ప్లాస్టిక్ మడ్‌గార్డ్, మీద కొత్తగా కొట్టించిన నీలం రంగు. నకలుకు ముందు అచ్చు కావాలి కదా, అందుకని దాని మీద వ్యాక్స్ మూడుసార్లు పట్టించి, జెల్ కోట్ (అచ్చుకి నునుపైన ముఖంగా గట్టిపడే రెసిన్ పూత) పూసి, రెసిన్ తడిపిన ఫైబర్ మ్యాట్ వేసి, మర్నాడు ఊడదీశాను. అచ్చు సులువుగానే వచ్చింది. రంగూ దాంతోపాటే వచ్చింది. మిగిలినచోట పాల మీద మీగడలా ముడతలు. వ్యాక్స్ చాల్లేదని చాలాకాలం నన్ను నేనే తిట్టుకున్నాను.

తప్పు అక్కడ లేదు. అతుక్కోవడం వేరు, కరగడం వేరు. వ్యాక్స్ మొదటిదాన్నే ఆపుతుంది. పాలియెస్టర్ రెసిన్‌లోనూ జెల్ కోట్‌లోనూ స్టైరీన్ ఉంటుంది. డబ్బా మూత తీయగానే ముక్కుకి తగిలే ఘాటు అదే. జెల్ కోట్ గట్టిపడేలోపు అది వ్యాక్స్‌ను దాటి రంగులోకి, రంగు కిందున్న ప్లాస్టిక్‌లోకి దిగుతుంది. బండ్ల ప్యానెళ్లు చాలావరకు ఏబీఎస్. ఆ పేరులో చివరి అక్షరం స్టైరీనే! ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?

అందుకే ఇప్పుడు వ్యాక్స్ డబ్బా కంటే ముందు థిన్నర్ సీసా తీస్తాను. ప్యానెల్ లోపలివైపు, ఎవరికీ కనపడని అంచున, థిన్నర్‌తో తడిపిన గుడ్డతో నాలుగుసార్లు రుద్దుతాను. గుడ్డకి రంగు అంటితే అది గాలికి ఆరిన మామూలు పెయింట్, స్టైరీన్ ముందు నిలబడదు. అంటకపోతే హార్డ్‌నర్ కలిపి కొట్టిన పీయూ రంగు, కాస్త ధైర్యం చేయొచ్చు. అదైనా కొట్టి కొన్ని వారాలు గడిచుండాలి. పైకి ఆరినట్టే ఉంటుంది గానీ లోపలి థిన్నర్ ఇంకా బయటికొస్తూనే ఉంటుంది. ఆ మడ్‌గార్డ్‌కి రంగేసి అప్పటికి వారం కూడా కాలేదు.

స్టైరీన్‌కి అడ్డుపడేది పీవీఏ. నీళ్లలో కరిగే సరుకు, ఆరితే పల్చటి పొర కడుతుంది. వ్యాక్స్ మీద స్ప్రేగన్‌తో ముందు మంచు పట్టినట్టు ఒక పూత, అది ఆరాక తడిగా మరో రెండు. బ్రష్‌తో వేస్తే ఆ గీతలన్నీ అచ్చులోకి దిగుతాయి. వానాకాలంలో మా షెడ్డులో ఫ్యాన్ పెట్టినా ఒక పట్టాన ఆరదు. తడి మీదే జెల్ కోట్ పూస్తే అదీ సరిగ్గా గట్టిపడదు. వ్యాక్స్‌లో సిలికాన్ ఉందా, తామరాకు మీద నీళ్లలా పీవీఏ చుక్కలుగా విడిపోతుంది. కారు పాలిష్‌తో సరిపెట్టేవాళ్లకి ఈ మాట చెప్పినా వినరు.

జెల్ కోట్ దగ్గర పిసినారితనం పనికిరాదు. అర మిల్లీమీటరు మందమన్నా ఉండాలి. పల్చనైతే పైన వేసే రెసిన్‌లోని స్టైరీన్ దాన్నే ముడతలు పెట్టేస్తుంది. హార్డ్‌నర్ నూటికి ఒకటి నుంచి రెండు పాళ్లు. చలికాలం తక్కువేస్తే గంటలకొద్దీ తడిగా ఉండి రంగును తింటుంది. ఎక్కువేసి మ్యాట్ నాలుగు పొరలు ఒకేసారి పరిచామా, పుట్టే వేడికి ప్యానెలే వంకరపోవచ్చు. నేను రోజుకి రెండు పొరలే వేస్తాను. (రెసిన్ త్వరగా గట్టిపడేందుకు వేసే కోబాల్ట్‌నీ హార్డ్‌నర్‌నీ మాత్రం నేరుగా కలపకండి. పేలుతుంది.)

బావమరిది ప్యానెల్‌ని రుద్దితే గుడ్డ ఎర్రబడింది. ఎప్పుడో ఎవరో మళ్లీ రంగేసిన ప్యానెల్! ఇక పాలియెస్టర్ జోలికి పోలేదు. ఖర్చెక్కువైనా ఎపాక్సీ తెప్పించాను, అందులో స్టైరీన్ ఉండదు. డబ్బులు వాడివే అనుకోండి. అయినా పీవీఏ మానలేదు.

రెండు రోజులాగి, అంచుల్లో ప్లాస్టిక్ చీలికలు దూర్చి, సందుల్లో నీళ్లు పోశాను. స్క్రూడ్రైవర్‌ని ఆ దరిదాపుల్లోకి కూడా రానివ్వలేదు. పీవీఏ నాని, కాసేపటికి టప్పుమని విడింది. ప్యానెల్ మీదున్న స్టిక్కర్ అంచు సన్నటి గీతగా అచ్చులోకి దిగింది, దాన్ని వాటర్ పేపర్‌తో రుద్దాలి. బావమరిది అచ్చు వైపు చూడనైనా లేదు. ప్యానెల్‌ని వెలుతురుకి ఎత్తి, స్టిక్కర్ చుట్టూ గోటితో తడిమి, "కుడివైపుది కూడా విప్పుకు రమ్మంటావా బావా?" అన్నాడు.