రెండు గుమ్మాలు, ఒకే చిరునామా

కంప్యూటర్ తన సబ్‌నెట్‌లో లేని అడ్రసుకు ఏం పంపాలన్నా ముందు డిఫాల్ట్ గేట్‌వేకే అప్పగిస్తుంది. ఆ గేట్‌వే ఏ ఊళ్లో ఉందో దానికి తెలియదు. ఐపీ అడ్రసు, ఏఆర్‌పీతో అడిగితే వచ్చే మ్యాక్ అడ్రసు, ఇంతవరకే దాని ఎరుక. అందుకే ఒకే వీల్యాన్‌ను రెండు చోట్లకు పరిచినప్పుడు గేట్‌వేను ఎక్కడ నిలబెట్టాలన్నది నెట్‌వర్క్ కట్టేవాళ్లే తేల్చుకోవాలి.

చెన్నైలో అంబత్తూరులో ఒక డేటా సెంటర్, సిరుసేరిలో మరొకటి ఉన్నాయనుకుందాం. మధ్య దూరం రోడ్డు మీద సుమారు 40 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు దాదాపు 5 మైక్రోసెకన్లు పడుతుంది. గేట్‌వేలన్నీ అంబత్తూరులోనే ఉంటే, సిరుసేరిలో ఒకే ర్యాకులో వేర్వేరు సబ్‌నెట్‌లలో ఉన్న అప్లికేషన్ సర్వర్, డేటాబేస్ సర్వర్ మాట్లాడుకోవడానికి కూడా ఊరి ఆ చివరిదాకా వెళ్లి రావాలి. ప్రశ్నకు 80 కిలోమీటర్లు, జవాబుకు మరో 80: మొత్తం 0.8 మిల్లీసెకన్లు. ఒకదాని తర్వాత ఒకటిగా 1,000 ప్రశ్నలు అడిగే పాత సాఫ్ట్‌వేర్‌కు అది 0.8 సెకన్లవుతుంది. సిరుసేరిలో స్లోగా ఉందన్న ఫిర్యాదు వస్తే సర్వర్ మెమరీ కన్నా ముందు ఈ దారిని చూడటం మేలు.

గేట్‌వే పాడైతే ఇంకొకటి అందుకునే పద్ధతులు 1998 నాటికే ఆర్‌ఎఫ్‌సీలుగా వచ్చాయి: సిస్కో వారి హెచ్‌ఎస్‌ఆర్‌పీ, అందరికీ ఉమ్మడిగా వీఆర్‌ఆర్‌పీ. రెండు రూటర్లు ఒకే వర్చువల్ ఐపీని, ఒకే వర్చువల్ మ్యాక్‌ను పంచుకుంటాయి. వాటిలో ఒకటి పని చేస్తుంది, రెండోది బ్యాకప్‌గా ఉంటుంది. వీఆర్‌ఆర్‌పీలో పని చేసేదాన్ని మాస్టర్ అంటారు; అది సెకనుకోసారి 224.0.0.18కి కబురు పంపుతుంది. మూడు సెకన్లు దాటినా కబురు రాకపోతే బ్యాకప్ బాధ్యత తీసుకుంటుంది. అయితే మాస్టర్ ఎప్పుడూ ఒక్కటే కనుక రెండో సైట్ వాళ్లకు పైన చెప్పిన తిప్పట తప్పదు.

దీనికి విరుగుడు, రెండు చోట్లా మాస్టర్ ఉండనివ్వడం. సైట్ల మధ్య లింకు మీద వీఆర్‌ఆర్‌పీ కబుర్లను ఆపేస్తే ఎక్కడికక్కడ ఒక మాస్టర్ నిలుస్తుంది. ఆ ఒక్క ఫిల్టరుతో సరిపెట్టుకోకూడదు. వర్చువల్ మ్యాక్ నుంచి వెలువడే ఏఆర్‌పీ జవాబులను కూడా ఆపాలి. లేకపోతే అదే మ్యాక్ కాసేపు ఒక పోర్టులో, కాసేపు ఇంకో పోర్టులో కనిపించి స్విచ్‌లు తికమకపడతాయి. కొత్తగా కట్టేవాళ్లకు వీఎక్స్‌ల్యాన్, ఈవీపీఎన్‌లతో ఎనీకాస్ట్ గేట్‌వే పెట్టుకోవడమే మంచిది. అందులో ప్రతి లీఫ్ స్విచ్చూ అదే గేట్‌వే అడ్రసుతో జవాబిస్తుంది.

బయటికి వెళ్లే దారి ఇలా చక్కబడుతుంది. అసలు చిక్కంతా తిరుగు దారిలోనే. సబ్‌నెట్ ఒక్కటే కాబట్టి బయటి రూటర్లకు రెండు సైట్లూ ఒకేలా కనిపిస్తాయి. సిరుసేరి ఫైర్‌వాల్ దాటి వెళ్లిన కనెక్షన్‌కు జవాబు అంబత్తూరు ఫైర్‌వాల్‌కు చేరితే, ఆ కనెక్షన్ మొదలవడం అది చూడలేదు కనుక ప్యాకెట్‌ను పారేస్తుంది. ఫైర్‌వాల్‌లు కనెక్షన్ల వివరాలు పంచుకునేలా చేయాలి, లేదా ఒక్కో సర్వర్‌కు /32 రూటును అది ఉన్న సైట్ నుంచే ప్రకటించాలి.

మధ్య లింకు తెగితే సబ్‌నెట్ రెండు ముక్కలవుతుంది. ఇద్దరు ప్రొవైడర్లు ఉన్నంత మాత్రాన ధీమా పడరాదు. 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉదయం 11:40కి ఆగిన ట్రేడింగ్ మధ్యాహ్నం 3:45కి గానీ మొదలుకాలేదు. ఇద్దరు టెలికాం ప్రొవైడర్ల లింకుల్లోనూ ఇబ్బంది వచ్చిందని ఆ సంస్థ ప్రకటించింది. సిరుసేరికి వెళ్లే ఓఎంఆర్ రోడ్డు పొడవునా మెట్రో తవ్వకాలు చూసిన చెన్నైలో రెండు ఫైబర్‌లూ వేర్వేరు రోడ్ల మీదుగా వస్తున్నాయో లేదో మ్యాపు తెప్పించుకుని చూడాలి.

ముంబై, చెన్నై లాంటి దూరాలకు వీల్యాన్ పరచకపోవడమే మంచిది. 1,300 కిలోమీటర్లంటే రానుపోను కనీసం 13 మిల్లీసెకన్లు. అక్కడ వేరే సబ్‌నెట్, వేరే గేట్‌వే, డీఎన్‌ఎస్ మార్పు సరిపోతాయి. దగ్గరి సైట్లకైతే సెలవురోజున మధ్య లింకు పీకి చూడాలి: రెండు వైపులా సర్వర్ల ఏఆర్‌పీ పట్టికలో అదే వర్చువల్ మ్యాక్ ఉందా, జవాబులు ఏ ఫైర్‌వాల్ లాగ్‌లో పడుతున్నాయి, లింకు తిరిగి పెట్టాక మాస్టర్‌లు ఎక్కడివక్కడే ఉన్నాయా.