యాటూరులో పడ్డ రాయి

గ్రహాలన్నీ ఒకే వరుసలోకి వస్తున్నాయని టీవీల్లో స్క్రోలింగ్ మొదలైతే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. ఏమన్నా అవుతుందా అని ఆరా. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి అప్పుడు ప్రళయం తప్పదని దేశమంతా హోమాలు చేశారు. ఆ బెరుకు ఇంకా పోలేదు. నా జవాబు మాత్రం ఒకటే: అవి వరుస తప్పిందెప్పుడు?

నమ్మకపోతే మా నెల్లూరు జిల్లా మైపాడు రండి. రొయ్యల గుంటల లైట్లు వెనకబడేదాకా ఇసుకలో నడవాలి. చంద్రుడూ రెండు గ్రహాలూ పైన ఉన్న రాత్రయితే సరిపోతుంది. చేతులు చాచి ఒక నూలు దారం బిగించి పట్టుకుని చూడండి, మూడూ ఇంచుమించు దాని మీదే ఉంటాయి. తెల్లారగట్ల వేగుచుక్క సముద్రం మీద ఉన్నప్పుడు వెళ్తే, కాసేపటికి సూర్యుడు కూడా ఆ బాట వెంబడే లేస్తాడు. ఈ అలవాటుకి టెలిస్కోపు అక్కర్లేదు. ఓపిక ఉండాలి, దోమలకి ఏదైనా పూసుకోవాలి.

ఆ గీతకి కారణం ఉంది. భూకక్ష్యతో పోలిస్తే మిగతా గ్రహాల కక్ష్యలు మూడున్నర డిగ్రీలు మించి వాలవు. బుధుడొక్కడే కాస్త పెడసరం, ఏడు డిగ్రీలు. పైగా అన్నీ సూర్యుడి చుట్టూ ఒకే దిక్కుగా తిరుగుతాయి. 1755లో కాంట్, 1796లో లాప్లాస్ ఇలాంటి పోలికలు పట్టుకునే వెనక్కి నడిచారు. తిరుగుతున్న ధూళి మేఘం తన బరువుకి తానే కుంగి చదునుగా పరుచుకుంది, అందులోంచే గ్రహాలు పుట్టాయి. సూర్యుడికి దగ్గర్లో ఆ వేడికి రాయీ లోహమూ మాత్రమే నిలిచాయి. దూరాన మంచు కూడా తోడై గురుడూ శనీ తొందరగా బరువెక్కి వాయువుని లాగేసుకున్నాయి.

అలాగని కంటికి ఆనిన ప్రతి వరుసనీ నమ్మకూడదు. 0, 3, 6, 12, 24... ఒక్కోదానికి 4 కలిపి 10తో భాగిస్తే, భూమి దూరం కొలతగా, సూర్యుడి నుంచి గ్రహాల దూరాలు వస్తాయనే బోడే సూత్రం చిన్నప్పుడు నన్ను ఊపేసింది. 1781లో యురేనస్, 1801లో సీరిస్ ఆ లెక్కకి దగ్గరగానే దొరికాయి. 1846లో దొరికిన నెప్ట్యూన్ దాన్ని పాడుచేసింది: సూత్రం 38.8 అంటే అది 30 దగ్గరుంది. ఇక 1995లో, 51 పెగాసీ అనే నక్షత్రం చుట్టూ కనీసం గురుడిలో సగం బరువున్న గ్రహం నాలుగు రోజులకో చుట్టు చుట్టేస్తోందని తెలిసింది. దగ్గర్లో రాళ్లు, దూరాన వాయువులు అనే మన పద్ధతి అందరింటా లేదన్నమాట.

అందుకే నాకు ఆకాశంలోని గీత కన్నా చేతికి దొరికిన రాయి మీద గురి ఎక్కువ. అది మన జిల్లాదే కూడా. శ్రీహరికోట నుంచి 1971లో తొలి రాకెట్ పైకి లేవడానికి 119 ఏళ్ల ముందు, 1852 జనవరి 23న, యాటూరు దగ్గర ఒక ఉల్క పడింది. 13.6 కిలోలు. ప్రపంచ ఉల్కల జాబితాలో దాని పేరు ‘నెల్లూరు’, రకం హెచ్6 కాండ్రైట్. హెచ్ అంటే ఇనుము ఎక్కువని, ఈ రకం రాళ్ల బరువులో పావు వంతుకి పైగా అదే. కాండ్రైట్లంటే, గ్రహాలు ఇంకా పుట్టని రోజుల్లో ఆ ధూళిలో కరిగి గడ్డకట్టిన సన్నటి గుండ్లు పోగై ఏర్పడిన రాళ్లు. అప్పటికి ఇప్పటికి దాదాపు 456 కోట్ల ఏళ్లు. భూమి మీద పుట్టిన రాయి ఏదీ అంత పాతది దొరకదు.

నన్ను పట్టుకున్నది ఆ ఆరు అంకె. మూడైతే గుండ్లు విడివిడిగా కనిపిస్తాయి, ఆరైతే వేడికి అంచులు చెరిగి కలిసిపోయి ఉంటాయి. ఆ వేడి సూర్యుడిది కాదు. ఏడు లక్షల ఏళ్లకోసారి సగమయ్యే అల్యూమినియం-26 అనే రేడియోధార్మిక లోహం ఆ తొలినాటి ధూళిలో ఉండేది. తడి ఆరని గడ్డిని వామి వేస్తే పైన చల్లగానే ఉండి లోపల కాగినట్టు, ఈ రాయి విరిగి వచ్చిన తల్లి శకలం నడిమధ్య 800 డిగ్రీలు దాటింది. మన రాయి ఆ లోతుల్లోది కావాలి. అంటే అది బయటపడటానికి ముందు పెద్ద గుద్దులాటే జరిగి ఉండాలి.

ఏ శకలం? కుజుడికీ గురుడికీ నడుమ, గురుడి లాగుడు వల్ల గ్రహంగా కూడలేకపోయిన శకలాల్లో హెబే పేరు చాలాకాలం చెప్పారు. 2024లో వచ్చిన పరిశోధన హెచ్ రకం రాళ్లలో ఎక్కువ భాగం కరోనిస్ అనే శకలాల కుటుంబం నుంచి వస్తున్నాయంటోంది. ఇప్పుడు రాలుతున్న రాళ్ల సంగతి అదేమో కానీ, యాటూరు రాయి పుట్టిల్లు విషయంలో నేనింకా హెబేని వదులుకోలేదు.