జోడు సన్నాయికి దండం

ఒక్క సన్నాయి ఊదితే పాట. రెండు సన్నాయిలు కలిస్తే పెళ్లి.

జోడు సన్నాయీ, నీ గొంతు లేచిందాకా మా మెట్ట ఊళ్లలో శుభకార్యం మొదలైనట్టు కాదు. ఉదయగిరి దుర్గం కింద పందిట్లోనైనా, ఆత్మకూరు బజారులో కల్యాణమండపం మెట్ల మీదైనా ముందు నువ్వు పలకాలి. ఆ తర్వాతే పీటలు కదులుతాయి, పిల్లలు లేస్తారు, పెద్దవాళ్లు కండువాలు సర్దుకుంటారు. వెలిగొండల మీంచి దిగే తెల్లవారుజాము గాలిలో నువ్వు భూపాళం అందుకుంటే, పక్క వీధిలో కార్యంతో సంబంధం లేని ముసలమ్మ కూడా నిద్రమంచం మీంచే చేతులు జోడిస్తుంది. ఎవరింట్లో పెళ్లి అని ఆ తర్వాత అడుగుతుంది.

మేళంలో ఇద్దరు కూర్చుంటారు. పెద్ద సన్నాయి మామది, పక్క సన్నాయి మేనల్లుడిది. కొన్ని మేళాల్లో తండ్రీకొడుకులు, కొన్నింట అన్నదమ్ములు. వెనక డోలు, తాళం, శ్రుతి. ఒకప్పుడు శ్రుతికి ఒక మనిషి కూర్చుని ఒత్తు ఊదేవాడు, ఇప్పుడు ఆ పని చిన్న కరెంటు పెట్టె చేస్తోంది. సన్నాయిని మాత్రం ఏ పెట్టె ఊదుతుంది! ఆ నిడుపాటి చెక్క గొట్టానికి వేళ్లు ఆడే రంధ్రాలు ఏడు. అడుగున ఇంకో ఐదు ఉంటాయి. వాటిని మైనంతో మూసో తెరిచో శ్రుతి సరిచూసుకుంటారు. రెండు వాద్యాలు ఒకే శ్రుతికి రావాలంటే ఇద్దరూ రెల్లు పీకలను నోట తడిపి, మార్చి, మళ్లీ ఊది చూసుకోవాలి. అతిథులు కాఫీలు తాగే ఆ వేళలో, ఎవరూ పట్టించుకోని ఆ మూలలో సగం కచేరీ అయిపోతుంది. ఇద్దరి శ్రుతి కలవకపోతే ఎంత గొప్ప కీర్తనైనా నిలబడదు.

అప్పుడు వస్తుంది ఆ ప్రశ్న. "ఏం వాయిద్దాం మామా?"

"ముందు జనాన్ని చూడరా."

ఈ జవాబుకు నా నమస్కారం. జనానికి నచ్చేది వాయించడమంటే విద్యను దించుకోవడమని కొందరు అనుకుంటారు. నేను ఒప్పుకోను. పందిట్లో ఉన్నవాళ్లు టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లు కారు. బెంగుళూరు నుంచి రాత్రి బస్సు దిగినవాళ్లు, మెట్టచేలో పని ఆపుకుని వచ్చినవాళ్లు, ఏడేళ్ల తర్వాత అన్నతో మాట కలిపిన చెల్లెళ్లు. వాళ్ల చెవి ఎక్కడుందో కనిపెట్టి, అక్కడికి వెళ్లి, చెయ్యి పట్టుకుని రాగంలోకి తీసుకురావడం చిన్న విద్య కాదు.

ఎదురుకోళ్ల దగ్గర జనం నిలబడి వినరు, నడుస్తూ వింటారు. అక్కడ సాగదీసిన ఆలాపన పనికిరాదు, అడుగుకు అందే పాట కావాలి. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ కదనకుతూహలంలో కట్టిన 'రఘువంశ సుధాంబుధి' అందుకే ఇప్పటికీ మేళగాళ్ల చేతిలో కత్తిలాంటిది. ఆ స్వరాలు గెంతుతూ వస్తాయి, డోలు వాటి మీద ఆడుకుంటుంది, పెళ్లికొడుకు స్నేహితుల కాళ్లు ఊరుకోవు. జీలకర్ర బెల్లం వేళకు నువ్వు తగ్గాలి, మంత్రం వినపడాలి. మాంగల్యధారణ దగ్గర అసలు పాటే లేదు. పురోహితుడి చెయ్యి లేవగానే గట్టిమేళం! తుమ్ముగానీ, అశుభం మాటగానీ ఎవరి చెవినా పడకుండా రెండు సన్నాయిలూ డోలూ కలిసి పందిరిని నింపేస్తాయి. తలంబ్రాల దగ్గర అందరికీ తెలిసిన సినిమా పాట వచ్చినా తప్పులేదు. 1961 నాటి 'సీతారామ కల్యాణం'లో ఆ కల్యాణం పాటకు బాణీ కట్టినవారు గాలి పెంచల నరసింహారావు. ఆ పేరులోని పెంచల మా పెంచలకోన నరసింహస్వామిది. ఆ పాట మొదలైతే ఆడవాళ్లు గొంతు కలపకుండా ఉండలేరు. ఇక అప్పగింతలు. అక్కడ పిల్ల తల్లి మొహం చూసి రాగం ఎంచుకునే మేళగాడిని నేను దేవుడి పక్కన నిలబెడతాను. ఆనందభైరవిని నెమ్మదిగా, రెండో సన్నాయి కింది స్థాయిలో తోడుండగా ఊదితే, ఏడవడానికి సిగ్గుపడే నాన్నలు కూడా ఏడుస్తారు.

ఇద్దరికి పాట ఎంచడంలో ఇంకో లోతు ఉంది. ఒక్కడు వాయించే పాట వేరు, ఇద్దరు పంచుకునే పాట వేరు. అన్ని కీర్తనలకూ ఆ గుణం ఉండదు. పాటలో రెండోవాడికి చోటుండాలి. హంసధ్వనిలో దీక్షితులవారి 'వాతాపి గణపతిం' చూడండి. పల్లవి మీద సంగతి తర్వాత సంగతి మెట్లెక్కుతూ పోతుంది. ఒక మెట్టు మామ ఎక్కితే, పై మెట్టు మేనల్లుడు ఎక్కుతాడు. ఒకరు ఊపిరి తీసుకునే చోట రెండోవారు స్వరాన్ని జారనివ్వకుండా పట్టుకుంటారు. వినేవాడికి ఊపిరే తీసుకోని ఒకే పెద్ద గొంతు వినిపిస్తుంది. స్వరకల్పనకు వచ్చేసరికి మాట మాటకు జవాబు. చిన్నవాడు కొత్త విరుపు వేస్తే పెద్దాయన సన్నాయి నోట పెట్టుకునే కళ్లతో నవ్వుతాడు. ఆ నవ్వు చూడడానికైనా ముందు వరసలో కూర్చోవాలి.

జోడు సన్నాయీ, నిన్ను పట్టిన చేతులు మా వైపు ఎన్నోచోట్ల షేక్‌ల ఇళ్లవి. రాముడి కల్యాణానికి, గుడి ఉత్సవానికి తరతరాలుగా ఊదిన ఊపిరి వాళ్లది. మాకు ఉత్తరాన, ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబు ఆ ఊపిరిని దేశమంతా వినిపించారు. చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నేర్చుకుని, అది చాలక తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ వెళ్లారు. అక్కడ ఆయనకు గురువు ఒక్కరు కాదు, రాజం, దురైకణ్ణు అనే అన్నదమ్ముల జోడు! ఆ తర్వాత రంగనాథుడి శ్రీరంగంలోనే స్థిరపడి, శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి, 1999లో కన్నుమూసేదాకా శిష్యులను తయారుచేశారు. ఆ పాఠం అందుకున్న దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ. ఒక సన్నాయి భర్తది, ఒక సన్నాయి భార్యది. 2020లో పద్మశ్రీ ఇద్దరికీ కలిపి వచ్చింది. జోడుకు జోడుగానే గౌరవం దక్కిన ఆ సంవత్సరాన్ని ప్రతి మేళగాడూ పండగలా గుర్తుపెట్టుకోవాలి.

ఇలాంటి ముచ్చట సముద్రాల అవతలా ఉంది. అక్కడ ఒకే పియానో ముందు ఇద్దరు ఒకే బల్ల మీద కూర్చుంటారు, నాలుగు చేతులతో వాయిస్తారు. మొజార్ట్, ఆయన అక్క నానెర్ల్ అలా చేతులు ఒకదాని మీంచి ఒకటి దాటించి వాయిస్తున్న కుటుంబ చిత్రపటం ఇప్పటికీ ఉంది. ఇద్దరికీ నచ్చి ఇంటిల్లిపాదికీ నచ్చే పాట ఏదన్న ప్రశ్న వాళ్లకూ వచ్చింది. బ్రామ్స్ 1869లో హంగేరీ నాట్యాల వరసలను నాలుగు చేతులకు కట్టి ఇచ్చాడు. 1878లో ద్వోర్జాక్ స్లావ్ నాట్యాలను అలాగే ఇచ్చాడు. జనం కాళ్లు అప్పటికే ఎరిగిన లయలను ఎంచుకున్నారు కాబట్టే ఆ పుస్తకాలు ఇళ్లిళ్లకూ చేరాయి. అటువైపు నుంచి మనవైపుకూ వంతెన పడింది. పియానో తెల్ల మెట్లను 'సి' (C) మెట్టు దగ్గర్నుంచి వరసగా నొక్కితే వచ్చేది మన శంకరాభరణమే. తెల్లవాళ్ల బ్యాండు వరసలు విని ముత్తుస్వామి దీక్షితులు ఆ రాగంలోనే సంస్కృత సాహిత్యం వేసి నొట్టుస్వరాలు కట్టారు. పిల్లలు ఎక్కువగా ఉన్న పందిట్లో జోడు సన్నాయి మీద ఒక నొట్టుస్వరం వాయిస్తే పరుగెత్తే పిల్లలు కూడా ఆగుతారు.

ఉదయగిరి గురించి ఒక మాట చెప్పాలి. 1514లో కృష్ణదేవరాయలు ఈ దుర్గాన్ని గజపతుల నుంచి గెలిచి, ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకుపోయారు. 1515లో అక్కడ గుడి కట్టి ప్రతిష్ఠించారు. ఆ దేవుడు కొండ దిగిన రోజున ముందు మంగళవాద్యం నడిచే ఉంటుందని నా నమ్మకం. ఏ వరస వాయించారో! సంబరమా, అప్పగింతలా? రెండూ ఒకే గొంతులో పలికించగలిగింది నువ్వే కదా.

ఇప్పుడు పెళ్లి ఖర్చు లెక్కలేసేటప్పుడు మొదట తెగేది రెండో సన్నాయి. డీజే పెట్టెలకు డబ్బు దొరుకుతుంది, పూల తోరణాలకు దొరుకుతుంది, పక్క సన్నాయి మనిషికి దొరకదు. ఒక్కడే వస్తాడు, ఊపిరి తీసుకునే ప్రతిచోటా పాట తెగుతుంది, మేళంలో పస లేదని మనమే అంటాం. పస ఎక్కడ పోయిందో మన లెక్కల పుస్తకంలో ఉంది. రెండోవాడికి పిలుపు లేకపోతే మేనల్లుడు మామ దగ్గర కూర్చోడు. ఆటో కొనుక్కుంటాడు, కువైట్ పోతాడు. అతని తప్పేం లేదు.

అందుకే నా విన్నపం. మాఘమాసంలోనో శ్రావణంలోనో మీ ఇంట ముహూర్తం పెట్టుకుంటే, ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో మేళం మాట్లాడేటప్పుడు జోడు కావాలని గట్టిగా అడగండి. ఇద్దరికీ సరిపడా సంభావన ముందే ఒప్పుకోండి. మీ ఇంటి పెద్దలకు ప్రాణమైన పాటలు రెండు మూడు వారం ముందే వాళ్లకు చెప్పండి, మిగతావి వాళ్ల ఎంపికకు వదిలేయండి. పెళ్లిరోజు ఉదయం వాళ్లకు కాఫీ అందిందో లేదో మీరే వెళ్లి చూడండి. శ్రుతి చూసుకునేటప్పుడు ఆ మూలలో డీజే పాట పెట్టనివ్వకండి.