ఒకే రేకు, అన్ని రంగులు

ఆధునిక, సమకాలీన కళా మ్యూజియాలకు వెళ్లేవారిలో చాలామంది తైలవర్ణ చిత్రాల ముందు, శిల్పాల ముందు ఆగినంతసేపు ముద్రణ చిత్రాల ముందు ఆగరు. పక్కనున్న చీటీలో ‘ప్రింట్’ అన్న మాట కనబడగానే దానిని ఎక్కడో ఉన్న అసలు బొమ్మకు నకలుగా భావించి ముందుకు సాగిపోతారు. ఎచింగ్ వంటి ప్రక్రియల్లో అలాంటి అసలు బొమ్మ వేరే ఉండదు. చిత్రకారుడు లోహపు రేకు మీద పనిచేసి, సిరా పట్టించి, కాగితం మీదికి దింపినదే మూలకృతి. అందువల్ల వేళలు, టికెట్ల కంటే ముందు ఆ తయారీ తీరు తెలుసుకోవడం మేలు. పైగా ఈ కళకు ఒక కొత్త పద్ధతిని అందించినవారిలో చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి (1925–2018) ముఖ్యుడు.

ఎచింగ్‌లో రాగి లేదా జింకు రేకు మీద ఆమ్లానికి లొంగని మైనపు పూత పూసి, సూదితో పూతను గీకుతూ బొమ్మ గీస్తారు. రేకును ఆమ్లంలో ఉంచినప్పుడు పూత తొలగిన చోట మాత్రమే లోహం కరిగి చాళ్లు పడతాయి; ఎంత ఎక్కువసేపు ఉంచితే ఒక్కో చాలు అంత లోతవుతుంది, ముద్రలో గీత అంత చిక్కగా వస్తుంది. తరువాత రేకంతా సిరా రుద్ది పైతలాన్ని తుడిచేసి, తడిపిన కాగితం పరచి ప్రెస్సులో గట్టిగా నొక్కితే, కాగితం చాళ్లలోకి దిగి సిరాను పైకి లాగుతుంది. మెదక్ ప్రాంతపు పల్లె మనుషులను గీతల్లో నిలిపిన కె. లక్ష్మా గౌడ్ ఎచింగులు ఈ దారిలో వచ్చినవే.

చిక్కంతా రంగుల దగ్గర వచ్చింది. ఒక్కో రంగుకు ఒక్కో రేకు చేసుకొని, వెంట్రుకవాసి తేడా రాకుండా ఒకదాని మీద ఒకటి అచ్చువేయడం పాత పద్ధతి. శాంతినికేతన్‌లో చదివి, శిల్పిగానూ శిక్షణ పొంది, 1950ల్లో పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపిన ‘అటెలియే 17’ కార్యశాలలో చేరిన కృష్ణారెడ్డి, కైకో మోతీ తదితర సహచరులతో కలిసి, ఒకే రేకు నుంచి ఒకే నొక్కులో పలు రంగులు దింపే స్నిగ్ధతా ముద్రణను రూపొందించాడు. స్నిగ్ధత అంటే ద్రవానికి ఉండే చిక్కదనం. ఇందులో రేకును మెరకలు, పల్లాలు ఉండేలా వేర్వేరు లోతుల్లో మలుస్తారు. అవిసె నూనె కలిపి పలుచన చేసిన రంగును గట్టి రోలరుతో దొర్లిస్తే అది మెరకలకే అంటుతుంది, ఆపైన చిక్కని రంగును మెత్తని రోలరుతో దొర్లిస్తే అది పల్లాల్లోకీ దిగుతుంది, కానీ నూనె ఎక్కువున్న తొలి రంగు దానిని తన మీద నిలవనివ్వదు. రెండు రంగులు పక్కపక్కనే ఉండి కూడా కలిసిపోకపోవడానికి కారణం ఇదే. కృష్ణారెడ్డి రేకులను శిల్పాల్లా చెక్కాడనడం అతిశయోక్తి కాదు. ‘వర్ల్‌పూల్’ (1963) వంటి చిత్రాల్లో రంగు పైన పూసినట్టుకాక లోపలినుంచి ఊరినట్టు కనబడడం ఆ చెక్కడపు ఫలితం.

ఇలాంటి చిత్రాలను చూడబోయేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కాగితం వెలుతురుకు పాడవుతుంది కనుక మ్యూజియాలు వీటిని సుమారు 50 లక్సుల మసక వెలుగులో, అదీ కొంతకాలమే ప్రదర్శించి తిరిగి భద్రపరుస్తాయి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2016–17లో హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీల ముద్రణలను కలిపి ప్రదర్శించింది, అయితే ఆ గోడల మీద అవి ఎప్పుడూ ఉంటాయనుకోకూడదు. ఏవి ప్రదర్శనలో ఉన్నాయో ముందే ఉత్తరం రాసి అడగడం, అధ్యయన గది ఉన్న చోట సమయం కోరడం మంచిది. పెద్ద మ్యూజియాలు కొన్ని కోరినవారికి పెట్టెల్లోని ముద్రణలను తీసి చూపిస్తాయి. చిత్రం ముందుకు చేరాక కాస్త పక్కకు జరిగి వాలుగా చూస్తే, రేకు అంచు కాగితంలో దిగబడిన గీత కనబడుతుంది. అడుగున పెన్సిలుతో 7/25 అని ఉంటే అది 25 ప్రతుల్లో ఏడవదని అర్థం. ప్రతిసారీ రేకుకు చేత్తో కొత్తగా రంగు పట్టించాలి కాబట్టి మిగతా ఇరవై నాలుగూ అచ్చంగా దీనిలాగే ఉండవు.